కొట్టేసిన పంతొమ్మిది పేజీలు

జనగామలో నేను పనిచేసే కాలేజీ స్టాఫ్ రూంలో గణితమంటే ఏమిటో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే అని పదిహేనేళ్ళు నమ్మాను. మిగతావాళ్ళ సంగతి చెప్పాలంటే, కామర్స్ ఆయన ప్లాట్లు అమ్మిపెడుతూ మధ్యమధ్యలో పాఠాలు చెప్పేవాడు. బోటనీ ఆవిడ పూలకుండీలకు నీళ్ళు పోయించేది తనిఖీ బృందం వచ్చే వారం మాత్రమే. ఫిజిక్స్ ఆయన నోట్సు పసుపురంగుకు తిరిగి, అంచులు రాలి, ఆయన రిటైరయ్యేలోపు తానే రిటైరయ్యేలా ఉండేది. వీళ్ళ మధ్య కూర్చుని టిఫిన్ డబ్బా తెరవడమే నాకు నామోషీగా ఉండేది. అందుకే కిటికీ పక్కన విడిగా ఒక బల్ల వేయించుకున్నాను.

ఈ చిన్నచూపు నాకు చదువుతో వచ్చింది కాదు, దుకాణంలో అబ్బింది. మాది టోకు ధాన్యం వ్యాపారం. మార్కెట్ యార్డు దగ్గర మా బాపు కూర్చుంటే, రైతులు బస్తాలు దించి నిలబడేవాళ్ళు. బాపు చేతిలో ఒక ఇనుప గొట్టం ఉండేది. ఒక మొన సూదిగా, పక్కన గాడి కోసి ఉంటుంది. దాన్ని గోనెసంచిలోకి గుచ్చి లాగితే పిడికెడు గింజలు జారి అరచేతిలో పడతాయి. అదే మచ్చు. బాపు ఆ గింజలను వేలితో ఒకసారి అటూ ఇటూ కదిపి, ఒకటి కొరికి, "తాలున్నది, పక్కకు వెట్టు" అనేవాడు. అంతే, ఆ లాటు కథ ముగిసినట్టే. ఒకసారి తరిగొప్పుల నుంచి వచ్చిన రైతొకాయన, "ఇంకో సంచి గూడ జర చూడున్రి సేటు, అడుగుది మంచిగుంటది" అని బతిమాలాడు. బాపు చూడలేదు. బడి నుంచి వచ్చి గల్లా పక్కన కూర్చున్న నాతో మాత్రం, "ప్రతి బస్తా కుమ్మరిచ్చుకుంట కూసుంటే దుకాణం నడువదు బిడ్డ" అన్నాడు. ఆ మాటకంటే ఆ మాట అనేటప్పటి పెదవి విరుపు నాకు బాగా నచ్చింది. అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను కూడా.

పీహెచ్‌డీ చేయడానికి కోస్తాలో ఒక యూనివర్సిటీకి వెళ్ళాను. అక్కడ నేను నోరు తెరిస్తే నవ్వేవాళ్ళు. "ఏంది", "గిట్ల" అన్నానంటే చాలు, హాస్టల్లో ఆ వారమంతా నన్ను అనుకరించడమే పని. ఏడాది తిరిగేసరికి "వచ్చినం" మానేసి "వచ్చాం" అనడం నేర్చుకున్నాను. వాళ్ళను అసహ్యించుకుంటూనే వాళ్ళలా మాట్లాడాను. జనగామకు తిరిగి వచ్చాక ఆ భాష మార్చుకోలేదు. ఎందుకంటే అది ఇప్పుడు ఇక్కడివాళ్ళ ముందు నాకు ఎత్తుపీటలా పనికొచ్చింది. ఇది గొప్పగా చెప్పుకునే విషయం కాదని ఇప్పుడు తెలుసు.

నేను చదివిన విషయం ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. లీ గ్రూపులని ఉంటాయి. ఒక బంతిని దాని చోటు నుంచి కదపకుండా ఎన్ని రకాలుగా తిప్పవచ్చో ఆ తిప్పడాలన్నిటినీ కలిపి ఒక గుంపుగా తీసుకోండి. ఆ గుంపు ఎంత పెద్దదో ఒక సంఖ్యతో చెబుతాం. ఇప్పుడు ఆ బంతికి ఒక పుల్ల గుచ్చి, ఆ పుల్ల కదలకుండా ఉండే తిప్పడాలను మాత్రమే ఉంచుకుంటే, పెద్ద గుంపులో ఒక చిన్న గుంపు మిగులుతుంది. మనమున్నది మూడు కొలతల లోకం కాబట్టి ఇది కంటికి కనపడుతుంది. కాగితం మీద నాలుగు కొలతలు, ఐదు, ఎనిమిది, నూరు, ఎన్నైనా పెట్టుకోవచ్చు. అప్పుడు వచ్చే ప్రశ్న ఇది: మొత్తం గుంపు కాకుండా, దాని లోపల ఉండగలిగే అతి పెద్ద గుంపులు ఏవి? వాటన్నిటినీ జాబితా వేయడమే మా పని.

చిన్న గుంపుల జోలికి మేం పోం. అవి లెక్కలేనన్ని ఉంటాయి, పట్టుకుంటే పురుగుల్లా వేళ్ళ సందుల్లోంచి జారిపోతాయి. పెద్దవైతే వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పెద్దవాళ్ళను మాత్రమే లెక్కలోకి తీసుకునే విద్య నాకు తగినదే దొరికిందని అప్పుడు అనుకోలేదు గానీ, ఇప్పుడు అనిపిస్తుంది.

నా సిద్ధాంతం ఇది: నాలుగు కొలతలను మినహాయిస్తే, ఎక్కడైనా సరే, అతి పెద్ద గుంపు అంటే ఒక దిక్కును కదలకుండా పట్టి ఉంచేదే. దానితో సమానమైనది ఇంకొకటి లేదు. నా గైడు దీన్ని చదవలేదు. ఆయనకు చదివే అలవాటు పెళ్ళితోనే పోయింది. పరీక్షించడానికి వచ్చిన ఇద్దరూ భోజనం బాగుందన్నారు, దీనివల్ల సమాజానికి ఉపయోగమేమిటని అడిగారు, సంతకాలు పెట్టారు. నల్ల అట్ట, బంగారు అక్షరాలు వేయించి ఒక ప్రతిని మా కాలేజీ లైబ్రరీకి ఇచ్చాను. అది బీరువాలో పై అరలో, ఎవరి చేయీ అందనిచోట కూర్చుంది. నేనూ దాన్ని మళ్ళీ తెరవలేదు.

చాలా ఏళ్ళకు ఒకామె మా కాలేజీకి గెస్ట్ లెక్చరర్‌గా వచ్చింది. నెల్లికుదురు అమ్మాయి. ఇంట్లో దక్కనీ, బయట తెలుగు. వాళ్ళ నాన్నకు అక్కడ సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు బాగుచేసే దుకాణం ఉంది. సోమవారం పొద్దున మానుకోటలో రైలెక్కి వచ్చి, వారమంతా ఇక్కడ అద్దె గదిలో ఉండి, శనివారం సాయంత్రం వెళ్ళిపోయేది. బుర్ఖా ముంజేతుల మీద ఎప్పుడూ సుద్దపొడి ఉండేది. క్లాసులో ఆమె చెప్పే తీరు నేను కిటికీలోంచి ఒకసారి విన్నాను. "చక్రం బెండు పోతె మా నాయిన ఏం జేస్తడు? ఇరుసు వట్టుకొని తిప్పి చూస్తడు. గట్లనే మనం గూడ..." అంటోంది. పిల్లలు నవ్వుతూ వింటున్నారు. డిగ్రీ గణితంలోకి సైకిల్ దుకాణాన్ని తెచ్చిందని నేను స్టాఫ్ రూంలో చెప్పి అందరినీ నవ్వించాను. కామర్స్ ఆయన కూడా నవ్వాడు. ఆ ఒక్కరోజు నేను వాళ్ళ బల్ల దగ్గర కూర్చున్నాను.

ఆమె పీహెచ్‌డీ చేస్తోందని, అదీ నా విషయం మీదేనని తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎంచుకోవడానికి ఇంకేమీ దొరకలేదా అనుకున్నాను. కానీ ఆమెకు అది నవ్వులాట కాదు. రాబోయే నోటిఫికేషన్‌లో రెగ్యులర్ పోస్టుకు అర్జీ పెట్టాలంటే చివరి తేదీలోపు డిగ్రీ చేతిలో ఉండాలి. గెస్ట్ పోస్టు నిలవాలన్నా అదే ముఖ్యం. వయసు హద్దు దగ్గరపడుతోంది. ఈ విడత తప్పితే ఇంకో విడత ఉంటుందో లేదో తెలియదు. ఇవన్నీ ఆమె నాతో చెప్పలేదు. అటెండరు చెప్పాడు.

ఆమె గైడు ఆ యూనివర్సిటీలో పేరున్న పెద్దమనిషి. పేరెందుకొచ్చిందో ఎవరికీ తెలియదు. ఈమె రాసిందంతా తీసుకుపోయి ఆయన ముందు పెడితే, కట్ట మందం చూసి, "మీ కాలేజీలోనే మేడం ఉన్నది గద. ఆమె చూసి మంచిగున్నదంటే నేను సంతకం పెడత" అన్నాడట. మా దగ్గర పద్ధతే ఇంత. చదవాల్సినవాడు ఇంకొకరి మీదికి తోస్తాడు, ఆ ఇంకొకరు చదివినట్టు తల ఊపుతారు, మూడోవాళ్ళు ఆ తల ఊపుడును చూసి సంతకం పెడతారు. అందరి చేతులూ శుభ్రంగా ఉంటాయి. ఆయనను నేను అప్పుడు మనసులో ఎన్ని మాటలన్నానో లెక్కలేదు.

ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి, రెండు చేతులతో ఆ కట్టను పెట్టి, "జర చూడున్రి మేడం. మీరు సరే అంటేనే సార్ ముందుకు పంపుతనన్నడు" అంది. "పెట్టి వెళ్ళు" అన్నాను.

రెండు వారాలు ఆ కట్ట నా బల్ల మీదే ఉంది. దాని మీద దినపత్రిక, దినపత్రిక మీద టీ గ్లాసు. ఆమె రోజూ వచ్చి హాజరు పట్టీలో సంతకం పెడుతూ ఓరగా ఆ కట్ట వైపు చూసేది, అడిగేది కాదు. ఆ చూపు నాకు తెలుసు. బస్తాల పక్కన నిలబడ్డవాళ్ళ చూపు అదే.

ఒకరోజు మధ్యాహ్నం, క్లాసు లేక, తోచక, కట్టను తీశాను. బాపు గొట్టం గుచ్చినట్టే మధ్యలో ఒకచోట వేలు పెట్టి తెరిచాను. అది ఎనిమిది కొలతల గురించిన అధ్యాయం మొదటి పేజీ. ఎనిమిది కొలతల్లో మొత్తం గుంపు సైజు ఇరవై ఎనిమిది. ఒక దిక్కును పట్టి ఉంచే గుంపు సైజు ఇరవై ఒకటి. ఇంతవరకు ఎవరికైనా తెలిసిందే. దాని కింద ఆమె ఇంకొక గుంపు రాసింది. దాని సైజు కూడా ఇరవై ఒకటే. లోపలి అల్లిక కూడా మొదటిదాని అల్లికే. అచ్చం అదే బీజగణితం, అదే పేరు. కానీ ఇది వేరే అని రాసింది.

నాకు కంపరం పుట్టింది. ఒకే సరుకును రెండు సంచుల్లో పోసి రెండు లాట్లని చెప్పేవాళ్ళను మా దుకాణంలో చిన్నప్పటి నుంచీ చూశాను. పేజీ తిప్పలేదు. ఎర్ర పెన్ను తీసి మొదటి పేజీ మీద మూల నుంచి మూలకు గీత కొట్టి, పక్కన "ఒకటే రెండుసార్లు. తీసెయ్యి" అని రాశాను. అధ్యాయం ఎక్కడ ముగుస్తుందో చూడటానికి మాత్రం పేజీలు లెక్కపెట్టాను. పంతొమ్మిది.

ఆమెను పిలిపించాను. బోటనీ ఆవిడ, ఫిజిక్స్ ఆయన వింటూనే ఉన్నారు. వినాలనే కొంచెం గట్టిగా మాట్లాడాను.

"సైజు ఒకటే, అల్లిక ఒకటే, పేరు ఒకటే. మరి రెండెలా అయ్యాయి?"

"లోపల అల్లిక ఒకటే మేడం, కని కూసున్న తీరు వేరే" అంది. ఆమె గొంతు చిన్నదైంది గానీ ఆగలేదు. "మొదటిది ఒక దిక్కును వట్టుకొని తిరుగుతది. గిది దేన్నీ వట్టుకోదు. ఇరుసు లేకుంట తిరుగుతది. అందుకే ఒకదాన్ని తిప్పి రెండోదాని మీదికి తేలేం. ఎన్కకు రాసిన..."

"ఇరుసు లేని చక్రం మీ నాన్న దుకాణంలో ఉందేమో. గణితంలో లేదు."

ఫిజిక్స్ ఆయన పక్కున నవ్వాడు. ఆమె మొహం ఎర్రబడింది. ఆ ఎర్ర గీతను మూల నుంచి మూలకు చూసింది. తర్వాత, "మీరు మొత్తం చూసిన్రా మేడం?" అని అడిగింది.

"చూడకుండానే రాశానా?" అన్నాను.

ఆమె ఆ పంతొమ్మిది పేజీలు విడదీసి నా బల్ల మీద ఒక పక్కన పెట్టి, మిగతా కట్ట తీసుకుని వెళ్ళింది. అంత చక్కగా వినే పిల్ల ఈ కాలంలో దొరకదని ఆ సాయంత్రం నాకు ఆమె మీద కొంచెం దయ కూడా కలిగింది. ఆ పేజీలను సొరుగులో పడేశాను. నేను సరేనన్నానని తెలిసి గైడు సంతకం పెట్టాడు. థీసిస్ పరీక్షకు పోయింది.

కొన్ని నెలలకు గైడు ఫోను చేశాడు. "గదేందమ్మా, మీరు చూసిన్రు గద? వాపసొచ్చింది" అన్నాడు. నా మీద నెపం వేయడానికి ఎంత తొందర పడ్డాడో ఆ గొంతులోనే తెలిసింది. "నేను చూసినప్పుడు బాగానే ఉంది. పరీక్షించినవాళ్ళకు తెలివి ఉండాలి కదా" అని పెట్టేశాను. ఏ ఊళ్ళోనో కూర్చుని తనకు తెలియనిదాన్ని కొట్టేసి గొప్ప అనిపించుకునే రకం ఎవరో అయ్యుంటాడనుకున్నాను. నివేదిక కాపీ ఆమె దగ్గర తీసుకుని చదివాను. అందులో కారణం రెండే వాక్యాలు. ఎనిమిది కొలతల దగ్గర ఈ థీసిస్ ప్రధాన సిద్ధాంతం తప్పు. ఏ దిక్కునూ పట్టి ఉంచని, అంతే పెద్దదైన ఇంకొక గుంపు అక్కడ ఉంది, ఇది పాఠ్యపుస్తకాల్లోనే దొరుకుతుంది, దీన్ని చేర్చి మళ్ళీ సమర్పించాలి.

ఆ కాగితాన్ని ఆమెకు తిరిగి ఇచ్చాను. "చూద్దాం" అన్నాను. "మంచిది మేడం" అంది ఆమె. ఆ గొంతులో కోపం వెతికాను. లేదు.

ఆ మధ్యాహ్నం నుంచి ఖాళీ క్లాసురూంలో తలుపు దగ్గరికి వేసుకుని కూర్చుని ఆ పంతొమ్మిది పేజీలు చదివాను. నాకు మూడు మధ్యాహ్నాలు పట్టింది. చేతిరాత గుండ్రంగా, పక్కపక్కన చిన్నచిన్న చక్రాల బొమ్మలతో ఉంది. ఎనిమిది సంఖ్యలను ఒక వింత పద్ధతిలో గుణించే పట్టిక ఒకటి ఉంది. దాన్ని పట్టుకుని ఆమె ఆ రెండో గుంపును మెల్లగా, ఒక్కో అడుగూ వేస్తూ కట్టింది. చివరికి చూపించిందేమిటంటే, ఆ గుంపులో ఒక తిప్పుడు ఉంది, అది ప్రతి దిక్కునూ నిలువునా తొంభై డిగ్రీలు తిప్పేస్తుంది. ప్రతి దిక్కూ కదిలిపోతే ఇక పట్టి ఉంచేది ఏముంటుంది? ఏమీ ఉండదు. ఇరుసు లేదు. చిన్నపిల్లకు చెప్పినా అర్థమయ్యే మాట. తప్పు కోసం వెతికాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, తప్పు ఉండాలని కోరుకుంటూ వెతికాను. ఒక్కటీ లేదు.

పంతొమ్మిదో పేజీ అడుగున చిన్న అక్షరాలతో ఒక గమనిక ఉంది. ఇంతకుముందు ఒక పరిశోధనలో నాలుగును మాత్రమే మినహాయించారనీ, ఎనిమిదిని కూడా మినహాయిస్తే ఆ ఫలితం పూర్తిగా సరైనదేననీ, తనకు దారి చూపింది ఆ పరిశోధనేననీ రాసింది. ఎవరి పరిశోధనో రాయలేదు. రాయాల్సిన పనిలేదు. లైబ్రరీకి వెళ్ళి స్టూలు వేసుకుని పై అరలోంచి నా నల్ల అట్టను దించాను. వెనక అతికించిన చీటీలో ఒక్కరి సంతకమే ఉంది, ఆమెది. నాలుగుసార్లు తీసుకుని నాలుగుసార్లు తిరిగి ఇచ్చింది. ప్రధాన సిద్ధాంతం ఉన్న పేజీలో, మార్జిన్లో, పెన్సిలుతో చాలా లేతగా ఒక ఎనిమిది, పక్కన ఒక ప్రశ్నార్థకం. మళ్ళీ దాన్ని రబ్బరుతో చెరిపింది. సరిగ్గా చెరగలేదు.

నేను రాసింది తప్పని ఆమెకు తెలుసు. నా పరువు పోకుండా ఒక గమనికలో దాన్ని సర్ది పెట్టింది. ఆ సర్దుబాటును కూడా నేనే కొట్టేశాను. పేజీలు తిప్పి ఆ గమనిక దాకా వచ్చి ఉంటే బాగుపడేదాన్నా అని ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. నా గుణం నాకు తెలుసు. చదివి ఉంటే ఇంకా గట్టిగా కొట్టేసేదాన్నేమో.

అప్పుడైనా ఆమెను పిలిచి చెప్పాలి. బుద్ధి గడ్డి తిన్నది, చెప్పలేదు. చేర్చమని నివేదికలోనే ఉంది కదా, చేరుస్తుంది, అయిపోతుంది అనుకున్నాను. నోటిఫికేషన్ చివరి తేదీ వచ్చింది, పోయింది. విద్యా సంవత్సరం ముగిసింది. కొత్త ఏడాది పీహెచ్‌డీ ఉన్న ఇంకొకతను గెస్ట్‌గా వచ్చాడు. వచ్చిన రోజే కామర్స్ ఆయనతో ప్లాట్ల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆమె ఎక్కడికి పోయిందని నేను ఎవరినీ అడగలేదు. భూపాలపల్లిలో ఏదో ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరిందని, టేకుమట్లలో అక్క ఇంట్లో ఉండి రోజూ బస్సు మీద వెళ్ళివస్తోందని అటెండరే చెప్పాడు. ఈ కాలేజీలో మనుషుల సంగతి పట్టించుకునేది అతనొక్కడే. పదిహేనేళ్ళలో నేను అతనికి ఒక్కసారి కూడా కూర్చోమని చెప్పలేదు.

ఆ పేజీలు సొరుగులోనే ఉన్నాయి. సుద్దముక్క కోసం సొరుగు లాగినప్పుడల్లా ఎర్ర గీత కనపడేది. కొన్నాళ్ళకు సుద్దముక్కలు బల్ల మీదే పెట్టుకోవడం మొదలుపెట్టాను.

ఆ ఏడాది పరీక్షలకు నన్ను భూపాలపల్లికి పరిశీలకురాలిగా వేశారు. హన్మకొండలో బస్సు మారి, పరకాల మీదుగా, బొగ్గు లారీల వెనకాల నత్తనడకన వెళ్ళాను. సంచిలో ఆ పంతొమ్మిది పేజీలు పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో బస్సు ఎక్కేదాకా నాకు నేను ఒప్పుకోలేదు. రెండో రోజు మధ్యాహ్నం పరీక్ష లేకపోతే, అడుగుతూ అడుగుతూ ఆ జూనియర్ కాలేజీకి వెళ్ళాను. కింద ఇనుప సామాన్ల దుకాణం, పైన రెండంతస్తుల కాలేజీ. అంతా కలిపితే మా పాత గోదాం అంత లేదు. గోడల మీద ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు, బూజు పట్టిన బోర్డులు. ఇలాంటి కొట్టాన్ని కాలేజీ అంటారా అని ముక్కు విరుస్తూనే మెట్లెక్కాను. అలవాటు అంత తొందరగా పోదు.

ఇంటర్వెల్‌లో ఆమె మెట్ల దగ్గరికి వచ్చింది. ముంజేతుల మీద అదే సుద్దపొడి. నన్ను చూసి కంగారుపడి, లోపలికి వెళ్ళి, స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "గింత దూరం వచ్చిన్రేంది మేడం? మంచిగున్నరా?" అని అడిగింది. తానెలా ఉందో నేను అడగకముందే, "ఫస్టియర్ పిల్లలకు చెప్తున్న. మంచిగనే ఉన్నది" అంది.

"థీసిస్ మళ్ళీ పెట్టావా?" అన్నాను.

"లేదు మేడం. ఇంకా పెట్టలే."

"ఎందుకు? ఆ అధ్యాయం చేర్చమన్నారు కదా. నువ్వు ముందే రాసి పెట్టిందే కదా."

ఆమె మెట్ల చువ్వను పట్టుకుంది. "ఎనిమిది ఉండాలె అన్నరు, అది నిజమే. కని నేను రాసిన దాంట్ల ఏదో తప్పున్నదనే గద మీరు కొట్టేసింది. గది దొరుకకుంట మల్ల ఎట్ల పెట్టాలె? నా దగ్గర చిత్తుప్రతి ఉండె. ఆర్నెల్ల సంది ఎతుకుతున్న మేడం. రోజు బస్సుల గూడ అదే పని. ఏడున్నదో నా కండ్లకు కనిపిస్తలేదు." అని, మొహమాటపడుతూ నా వైపు చూసింది. "మీరు వచ్చిన్రు గనుక అడుగుతున్న. జర చూపియ్యున్రి, నేను సరి జేసుకుంట."

గ్లాసులో మిగిలిన నీళ్ళు ఒక్క గుక్కలో తాగేశాను. అంతదాకా బస్సులో నేను అల్లుకుని వచ్చిన మాటలన్నీ, పని ఒత్తిడి, కళ్ళజోడు, గైడు తప్పు, ఒక్కటీ పనికిరాలేదు.

"అధ్యాయం కొట్టేసింది నేనని యూనివర్సిటీ వాళ్ళకు ఎందుకు చెప్పలేదు?" అన్నాను. అడగాల్సింది అది కాదని తెలుసు.

"ఏమని చెప్పాలె? మీరు మొత్తం సదివి చెప్పిన్రు. మా సారైతె ఒక్క పేజి తిప్పలే. నేను రాసింది సదివింది మీరొక్కరే గద మేడం."

సంచిలోంచి ఆ పేజీలు తీసి ఆమె చేతిలో పెట్టాను. పదిహేనేళ్ళకు పైగా వాడని భాష నా నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"తప్పు లేదు బిడ్డ. ఏడ లేదు. నేను సదువలే."

ఆమెకు అర్థం కాలేదు. "ఆఖరు పేజి సదువలేదా మేడం?"

"ఏదీ సదువలే. మొదటి పేజి చూసి గీత కొట్టిన."

ఆమె ఆ ఎర్ర గీతను చూసింది. పేజీలు ఒక్కొక్కటిగా తిప్పింది. మిగతా పద్దెనిమిది పేజీల మీద ఎక్కడా ఒక్క గుర్తు లేదు. వేలితో లెక్కపెట్టుకుంటూ చివరిదాకా పోయి, గమనిక దగ్గర ఆగి, మళ్ళీ సర్ది, రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకుంది. ఏమైనా తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిట్టమని మనసులో బతిమాలాను కూడా.

తిట్టలేదు. తలెత్తి నా మొహంలోకి చూసింది. చాలాసేపు కాదు. అరచేతిలో పడ్డ గింజలను మా బాపు చూసినంతసేపే. తర్వాత నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంది. బెల్లు కొట్టారు. ఆమె క్లాసుకు వెళ్ళిపోయింది.